రెండు గీతలు, కింద చుక్క

తాండూరులో నలభై ఇళ్ల బట్టలు నా చేతి మీదుగా పోయేవి. ఒక ఇంటి తువ్వాల ఇంకో ఇంటికి పోయిందని ఒక్కరైనా అన్నారా? అనమనండి చూద్దాం. నా పేరు బుగ్గమ్మ. కాగ్నా ఏటి ఒడ్డున మా రేవు. గొప్పలు చెప్పుకుంటోందని మీకనిపిస్తే అనిపించనివ్వండి, పని వచ్చినదాన్ని, చెప్పుకుంటాను. కానీ ఇప్పుడు చెప్పేది నేను తప్పిన రోజు సంగతి. అది కూడా నా నోటితోనే చెప్తాను, ఇంకొకరెవరో చెప్తే నాకు నచ్చదు.

చాకలి పనిలో చదువంటే గుర్తులే. నల్లజీడి గింజకు సూది గుచ్చి, ఆ రసంతో అంగి మెడ లోపల గుర్తు పెడితే బట్ట చిరగాలి గానీ గుర్తు పోదు. మొదటి ఇంటికి ఒక గీత. రెండో ఇంటికి రెండు గీతలు. మూడో ఇంటికి ఒక గీత, కింద చుక్క. నాలుగో ఇంటికి రెండు గీతలు, కింద చుక్క. అట్లా నలభై దాకా పోతుంది. మా అమ్మ పూడూరులో నాకూ మా అక్క సత్యమ్మకూ బండ మీద బొగ్గుతో గీసి ఇవన్నీ నేర్పింది. తర్వాత అక్క వికారాబాదు కోడలైంది, నేను తాండూరు వచ్చాను.

గుర్తులతో పాటు అమ్మ ఇంకో మాట కూడా నేర్పింది. ఆరిన బట్టలన్నీ ఒక్క కుప్పగా పడి ఉంటాయి కదా, అందులోంచి ఒకటి తియ్యాలంటే ఎట్లా తియ్యాలి అనేది.

"తువ్వాల అడిగితె చేతికి ఏది దొరికితె అదియ్యుండ్రి. ఆ ఇంటిదైతె సాలు. పట్టుచీర అడిగితె మాత్రం దొరికిందని లేవకుండ్రి. కుప్ప అడుగు దాక సూడుండ్రి. అసొంటిది ఇంకోటి లేదని తెలిసినంక లేవుండ్రి. ఇగ అసలే లేకుంటె, లేదని మొఖం మీద చెప్పుండ్రి. వేరేది తెచ్చి చేతుల పెట్టకుండ్రి" అనేది.

నేను ఇరవై ఏళ్లు ఆ మాట తప్పలేదు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో రోహిణి ఎండలప్పుడు ఒక్కసారి తప్పాను.

ఆ పొద్దున మడుగులో బట్టలు జాడిస్తుంటే రైల్వే గ్యాంగు మేస్త్రీ ఇమాముద్దీన్ వచ్చాడు. మంచి మనిషి, ఎప్పుడొచ్చినా దూరం నుంచే నవ్వుతూ పలకరిస్తాడు. ఆ రోజు నవ్వలేదు. చేతిలో ఒక మూట ఉంది.

"బుగ్గమ్మా, జర పని ఆపు. గీ అంగి ఎవలిదో చెప్పు."

"ఏమైంది మేస్త్రీ?"

"ధారూరు ఇవతల పట్టాల పక్క కాల్వల ఒక మనిషి దొరికిండు. బండి కింద పడ్డడు. పడి ఒకటిన్నర దినం అయ్యుంటది. మొఖం తెలుస్తలేదు. జేబుల చిట్టి గూడ లేదు. పంచనామా అయిపోయింది, షెడ్డుల పండవెట్టినం. ఈ ఎండకు మాపటి దాకనే ఆగుతది. ఎవలన్న ఉంటె అప్పజెప్తం. లేకుంటె మేమే మట్టి జేస్తం."

మూట విప్పాడు. తెల్లంగి. అది ఎట్లా ఉందో చెప్పను. మెడ మాత్రం బాగానే ఉంది. తిప్పి చూశాను. రెండు గీతలు, కింద చుక్క.

"నాలుగో ఇల్లు. హన్మమ్మ కొడుకు మొగులప్పది" అన్నాను.

"పక్కానా?"

"నన్నే అడుగుతున్నవా మేస్త్రీ? బుగ్గమ్మ చెప్పినంక పక్కా కాకుంట ఎట్లుంటది?"

ముందు పేరు బయటికొచ్చింది, తర్వాత గానీ మనిషి గుర్తుకు రాలేదు. గుర్తుకు రాగానే బండ మీద కూలబడ్డాను. మొగులప్ప! పాతికేళ్లు నిండని పిల్లవాడు. నాగవ్వను పెళ్లి చేసుకుని రెండేళ్లయింది. అక్క ఇంటికి మర్పల్లి పోయి వస్తానని నాలుగు రోజుల కింద బండెక్కాడు, రెండు రోజుల్లో రావలసినవాడు రాలేదు. మర్పల్లి నుంచి వచ్చేవాడు వికారాబాదులో బండి మారి ధారూరు మీదుగానే రావాలి. అన్నీ సరిపోయాయి. సరిపోయాయి గనక ఇంకేమీ చూడలేదు.

వాళ్లింట్లో ఏడుపులు మొదలయ్యాయి. నాగవ్వ తమ్ముడొకడు షెడ్డుకు పోయి, గోనెపట్ట ఎత్తి చూసి, గోడవారన వాంతి చేసుకుని తిరిగొచ్చాడు. ఎత్తు అంతే ఉంది, నలుపు అంతే ఉంది అన్నాడు. ఆడవాళ్లను పోనివ్వలేదు. పదో రోజున గాజులు తీసే ఇళ్లున్నాయి. వీళ్లింట్లో అట్లా కాదు, మట్టి వేసే ముందే తీస్తారు. ముత్తైదువలు నాగవ్వను కూర్చోబెట్టేందుకు అప్పుడే పీట వెతుకుతున్నారు.

నాగవ్వ ఒక్కతే ఏడవలేదు.

"తెల్లంగి కాదు. గళ్ల అంగి ఏసుకపోయిండు. ఊడిపోయిన గుండీ నేనే కుట్టిచ్చిన" అంది.

"అక్క ఇంట్ల మార్చుకున్నడేమొ బిడ్డా" అంది అత్త హన్మమ్మ, తల బాదుకుంటూ.

నాగవ్వ నా దిక్కు తిరిగింది. "బుగ్గవ్వా, అది ఆయన అంగి అని నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన బిడ్డా."

నేను చెప్పానంటే అయిపోయినట్టే. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆకుపచ్చ గాజులు. కిందటి నెల జాతరలో వాడే కొనిపెట్టాడు.

హన్మమ్మ పిలిచి, "ఉతికిన దుప్పటి ఉంటె తే బుగ్గమ్మా, నా కొడుకు మీద కప్పాలె" అంది. రేవుకు పోయాను. ఆరిన బట్టల కుప్ప గుడిసెలో ఉంది. వాళ్లింటి దుప్పటి పైన ఎక్కడా కనపడలేదు. ఏడుస్తూనే ఒక్కొక్కటీ తీసి పక్కన పడేశాను. రెండు గీతలు, కింద చుక్క ఉన్నవి హన్మమ్మ చీరలు రెండు, ఒక ధోవతి, నాగవ్వ రవికె. అన్నిటికంటే అడుగున దుప్పటి. దుప్పటి లాగితే దాని మడతలోంచి ఒక తెల్లంగి జారిపడింది.

మొగులప్ప తెల్లంగి.

వెలుతురులోకి తెచ్చి చూశాను. వాడికి తెల్లంగి ఒక్కటే. పెళ్లికి కుట్టించింది. రెండేళ్లుగా దాన్ని ఉతికేది నేనే, మోచేతి దగ్గర చిన్న అతుకు కూడా ఉంది. ఇదిగో అతుకు. ఇదిగో గుర్తు. ఒక్కటే ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి. ఒకటి నా చేతిలో ఉంది, ఒకటి మేస్త్రీ దగ్గరుంది. వాడికున్న ఒక్క తెల్లంగీ ఇక్కడుంటే, పట్టాల పక్కన దొరికింది ఎవరిది?

నా గుర్తు పెట్టేవాళ్లు తాండూరులో ఇంకెవరూ లేరు. అప్పుడు అమ్మ బండ మీద బొగ్గుతో గీసిన గీతలు కళ్ల ముందు కనబడ్డాయి. ఆ బండ ముందు నేనొక్కదాన్నే కూర్చోలేదు. నాకు నాలుగో ఇల్లు ఏ గుర్తో, వికారాబాదులో మా అక్కకూ నాలుగో ఇల్లు అదే గుర్తు! ఈ బట్టలు ఆ రేవుకు పోవు, ఆ బట్టలు ఈ రేవుకు రావు, ఇన్నేళ్లూ ఏ చిక్కూ రాలేదు. ఇది మా ఇద్దరికీ ఎప్పుడూ తట్టలేదు.

నా మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఎదురుగా ఎవరైనా ఉంటే వాళ్లని కొట్టేదాన్ని. ఎంతపని చేశావే బుగ్గీ, మనిషి ప్రాణం అడిగితే తువ్వాల తీసిచ్చినట్టు తీసిచ్చావు కదే అని నన్ను నేనే తిట్టుకున్నాను. కుప్ప అంతా ఇక్కడే ఉంది. మేస్త్రీ అడిగినప్పుడే లేచి ఇరవై అడుగులు నడిచి అడుగు దాకా చూసి ఉంటే, ఆ పిల్ల చేతులు కొంగులో దాచుకునేది కాదు.

అంగి పట్టుకుని పరుగెత్తాను.

"అక్కా, ఆగుండ్రి. పీట తీసెయ్యుండ్రి. మొగులప్ప తెల్లంగి నా దగ్గరుంది. ఇదిగో. షెడ్డులున్నోని ఒంటి మీద అంగి మీది కాదు."

హన్మమ్మ లేచి నిలబడింది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది. "పొద్దుగాల సచ్చిండంటివి, ఇప్పుడు బతికిండంటవా? నా కొడుకు నీకు ఆటబొమ్మ లెక్క కనవడుతుండా? ఏ మాట నమ్మాలె నీది?"

తల వంచుకోలేదు. వంచుకునే టైము కాదది. "బతికిండని నేను చెప్తలేనక్కా. అంగి ఆయనది కాదని చెప్తున్న, గంతె. పొద్దుగాల ఒకటి చూసి చెప్పిన. ఇప్పుడు అన్నీ చూసి చెప్తున్న. తప్పు నాదే, తర్వాత ఎన్నన్న తిట్టు, పడ్త. అది ఎవలిదో చూసొస్త. మాపటి బండి దాక మట్టి జెయ్యకుండ్రి. ఈ పిల్ల చెయ్యి ముట్టకుండ్రి."

నాగవ్వ లేచి వచ్చి నా చేతిలోంచి అంగి లాక్కుంది. అతుకు తడిమి చూసింది. ఇప్పుడు ఏడ్చింది.

"నేను చెప్పిన గద బుగ్గవ్వా, గళ్ల అంగి అని."

"చెప్పినవ్ బిడ్డా. నేను వినలే."

"పో మరి. జల్ది పో" అంది. హన్మమ్మ పీటను కాలితో పక్కకు నెట్టింది. నాకు అది చాలు.

ఇమాముద్దీన్ మేస్త్రీ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. నేను చెప్పిందంతా విని, రక్తపు అంగిని సంచిలో పెట్టుకుని, "సలో, బండి టైమైంది" అన్నాడు. మధ్యాహ్నం బండికి ఇద్దరం వికారాబాదు బయల్దేరాం. ధారూరు దగ్గర కిటికీలోంచి ఆ కాలువ చూపిస్తే మొహం తిప్పుకున్నాను.

వికారాబాదు స్టేషన్లో దిగానో లేదో, నల్లా పక్కన మూట మీద ఒకడు కూర్చుని మామిడిపండు జుర్రుకుంటున్నాడు. రసం మోచేతి దాకా కారుతోంది. గళ్ల అంగి!

నా కాళ్లు ఆగలేదు. పోయి వీపు మీద రెండు దెబ్బలు ఛెళ్లున వేశాను. "సచ్చినోడా! నాలుగొద్దులు ఎక్కడ సచ్చినవ్ రా?"

మొగులప్ప పండు కింద పడేశాడు. "అవ్వో! కొడ్తవేంది బుగ్గవ్వా? అక్క పోరగానికి జొరమొచ్చింది, ఉండుమన్నది, ఉన్న. నువ్వెందుకు ఏడుస్తున్నవ్? ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు గద?"

"ఉన్నరు. నీకే బాగ లేదు" అన్నాడు మేస్త్రీ. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను, వాడి తల నిమురుతున్నాను, మళ్లీ తిడుతున్నాను. గుండీ చూశాను. ఒక గుండీ వేరే దారంతో కుట్టి ఉంది. నాగవ్వ చెప్పినట్టే.

తాండూరు బండి వచ్చింది. వాణ్ని మూటతో సహా లోపలికి తోశాను. "ఇంటికి పోయినంక ముందు మీ అమ్మకు కాదు, నాగవ్వకు కనవడు. అర్థమైందా? ముందు నాగవ్వకు."

"ఎందుకట్ల?"

"పోరా, ఆమెనే చెప్తది!"

మేస్త్రీ కూడా మెట్టు మీద కాలు పెట్టాడు. "నువ్వు గూడ ఎక్కు బుగ్గమ్మా. ఫికరు తీరిపాయె. ఊళ్లె అందరు నిన్ను నెత్తిన పెట్టుకుంటరు."

ఎక్కుదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. నాగవ్వ మొహం చూడాలని ఎంత ఆశ పుట్టిందో. చెయ్యి కడ్డీ మీద వేశాను కూడా. అంతలో మేస్త్రీ భుజానికున్న సంచి కనబడింది.

"మేస్త్రీ, అంగి ఇంక సంచిలనే ఉంది గద."

"రేపు అడిగిస్త తియ్."

"రేపటికి ఆ మనిషి మట్టిలుంటడు. ఆయన ఇంటోళ్లు రేపు గూడ, ఎల్లుండి గూడ ఎదురు చూస్కుంట కూసుంటరు. దిగు."

మేస్త్రీ నన్ను చూసి, బండిని చూసి, దిగాడు.

అక్క రేవు ఊరి చివర. నన్ను చూసి సంబరంగా లేచింది. అంగి మెడ చూపించగానే, "ఇది మా నాలుగో..." అంటూ నోరు తెరిచింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"పేరు చెప్పకే అక్కా. పొద్దున నేను చెప్పినట్లు చెప్పకు. ముందు కుప్ప విప్పు."

ముగ్గురం కుప్పను అడుగు దాకా తిరగేశాం. నాలుగో ఇంటివి చీర, రవికె, రెండు ధోవతులు దొరికాయి. తెల్లంగి లేదు.

"ఈ గుర్తు వేరే ఎవలింటికన్న పెట్టినవా?"

"పెట్టలే. ఒక్క ఇంటికే."

"అమ్మ దగ్గర నేర్చుకున్నోళ్లు మనిద్దరం గాక ఇంకెవలన్న ఉన్నరా?"

"ఎవలున్నరే? మనిద్దరమే." అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెల్లె, గా ఇంటి మగోనికి తెల్లంగీలు రెండు. రెండు నేనే ఉతికి మొన్ననే ఇచ్చిన."

"పోయి చూద్దాం పా. చూడకుంట అనొద్దు."

అక్క చూపిన ఇల్లు ఇంద్రమ్మది. ముందు వాకిలి అంతా తవ్వి, మొరం పోసి చదును చేసి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, కొంగు నడుముకు దోపుకుని, బిందెతో మొరం మీద నీళ్లు చల్లుతోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రమన్ను. చేతుల నిండా గాజులు.

"ఏం సత్తెమ్మక్కా, ఇయ్యాల్నె తెచ్చినవా బట్టలు?" అంది. నన్ను చూసి, "ఈమె నీ చెల్లెనా? ముక్కు గట్లనే ఉన్నది. రాండ్రి, చూసి నడువుండ్రి, మొరం జారుతది. వాకిట్ల బండలు పరుద్దామని. మా ఆయన తాండూరు పోయిండు బండలు మాట్లాడనీకి. మొన్న పోయిండు. నిన్ననే రావాలె, బేరం తెగలేదో ఏమొ, ఇయ్యాల వస్తడు."

అక్క నా చెయ్యి పట్టుకుంది. మేస్త్రీ సంచిని వెనక్కి జరుపుకున్నాడు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ముగ్గురికీ ఇచ్చింది. నేను తాగాను. తాగితేగానీ మాట వచ్చేట్టు లేదు.

"అమ్మా, మీ ఆయనకు తెల్లంగీలు ఎన్ని?"

"రెండు. ఎందుకు?"

"అవి ఎక్కడున్నయో జర చూసొస్తవా?"

విచిత్రంగా చూసింది గానీ పోయింది. ఆమె లోపలున్నంతసేపు నేను మొక్కని దేవుడు లేడు. రెండూ దండెం మీదే ఉండాలి, రెండూ చేత్తో పట్టుకుని రావాలి, వచ్చి నన్ను చూసి నవ్వాలి, నేను మళ్లీ తప్పాలి అని మొక్కాను. నలభై ఇళ్ల బుగ్గమ్మ తప్పిందని రెండూళ్లలో చాటింపు వేసినా సరే అనుకున్నాను.

ఒకటే తెచ్చింది.

మెడ తిప్పి చూశాను. రెండు గీతలు, కింద చుక్క.

"రెండన్నవు గదమ్మా."

"అన్న. ఇంకోటి ఒంటి మీదుంది" అని నవ్వింది. అప్పుడు మేస్త్రీ తొడుక్కున్న ఖాకీ చొక్కా చూసింది. సంచి చూసింది. మా అక్క ఏడుపు చూసింది. నవ్వు పోలేదు, మొహం మీద అట్లాగే నిలిచిపోయింది.

ఇక విప్పడానికి మూట లేదు. అడగడానికి ఇంకో ఇల్లు లేదు. పొద్దున హన్మమ్మ ఇంట్లో నిలబడి చెప్పాను. ఇక్కడ ఆమెను మొరం మీదనే కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చుని, ఆ తడి చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకుని చెప్పాను. ఈసారి నేను తప్పలేదు.